నాలుగువందల పన్నెండు మంది ఆడపిల్లల సంరక్షకుడు

బయట మిరపకాయ బజ్జీలు నేను కొనను. ఆ నూనె ఎన్నాళ్లదో, ఆ సెనగపిండిలో ఏం కలిపారో అని భయం. ఆ రోజు మా ఆయన కొనుక్కొచ్చారు. ఆయన తిన్నాక పొట్లం కాగితం పారేయబోతూ చదివాను. చదువు నాకు పదో తరగతి దగ్గర ఆగిపోయింది గానీ, కాగితం కనబడితే చదవకుండా పారేయను. ఏ కాగితంలో ఏ కబురుంటుందో ఎవరికి తెలుసు?

నూనె మరక మధ్యలో మా అమ్మాయి పేరుంది.

పేరే కాదు. తరగతి, రక్తం గ్రూపు, మా ఇంటి చిరునామా, పుట్టుమచ్చలు ఎక్కడెక్కడ ఉన్నాయో కూడా ఉంది. మా యామిని ఎనిమిదో తరగతి చదువుతోంది. సాలూరు రోడ్డులో ఉన్న శ్రీ విద్యాధరి బాలికల వసతి పాఠశాలలో ఉంటుంది. బడివాళ్లు పాత కాగితాలు తూకానికి అమ్మేసినట్టున్నారు. మర్నాడు పొద్దున్నే ఆ కాగితాన్ని కవర్లో పెట్టుకుని ప్రిన్సిపాల్ పెనుమత్స హైమావతి గారి దగ్గరకు వెళ్లాను.

"బజ్జీల బండోడికి మా పిల్ల పుట్టుమచ్చలతో ఏం పనండీ?" అన్నాను.

ఆవిడ కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని వాసన చూసి, "గౌరీశ్వరి గారూ, మా సంస్థ ఈ అంశాన్ని అత్యంత తీవ్రంగా పరిగణిస్తుంది" అన్నారు.

అలా అని ఊరుకుంటారనుకున్నాను. నిజంగానే పరిగణించారు. తర్వాత జరిగిన వాటన్నిటికీ మొదలు నేనే కాబట్టి, ఎవరినీ తప్పు పట్టే హక్కు నాకు లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మూడు వారాల తర్వాత తల్లిదండ్రులందరినీ పిలిచారు. వేదిక మీద గేదెల త్రినాథరావు గారున్నారు. అంతకుముందు ఆయన డ్రిల్లు మాస్టారు. విశాఖపట్నంలో మూడు రోజుల శిక్షణ పొంది వచ్చాక సమాచార గోప్యతాధికారి అయ్యారు. మెడలో ఈల మాత్రం అలాగే ఉంది.

"తల్లులారా, తండ్రులారా! నేటి నుండి ఈ పాఠశాలలో మీ బిడ్డకు సంబంధించిన ఏ సమాచారమూ ఎవ్వరికీ తెలియదని సగర్వంగా ప్రకటిస్తున్నాను."

అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది నేనే.

మా వీధిలోనే ఉండే దాలమ్మ లేచింది. వాళ్ల పిల్ల ఆరో తరగతి. "మరి మాకు తెలుత్తాదా బాబూ?" అని అడిగింది.

"ఎవ్వరికీ అంటే ఎవ్వరికీ అనేనమ్మా. మినహాయింపులతోనే లీకేజీ మొదలవుతుంది."

తర్వాత ఆయన బడి కోసం చేయించిన సాఫ్ట్‌వేర్ గురించి చెప్పారు. దాని పేరు 'అభేద్య'. "దీని నాణ్యతా పరీక్ష నేనే స్వయంగా నిర్వహించాను. పదకొండు రోజుల పాటు రకరకాల పేర్లతో, రకరకాల పాస్‌వర్డులతో లోపలికి ప్రవేశించడానికి ప్రయత్నించాను. ఒక్కసారి కూడా ప్రవేశించలేకపోయాను. ఫలితం నూటికి నూరు!"

నాకు అనుమానం వస్తే దాచుకోవడం చేతకాదు. "సరైన పాస్‌వర్డు కొట్టి చూశారా అండీ?" అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశారు. "సరైన పాస్‌వర్డు కొట్టడం దాడి కాదు కదమ్మా. దాడి కానిదాన్ని పరీక్షించే నిబంధన ఏదీ లేదు."

మూడు రోజుల్లో ప్రతి తల్లీ తండ్రీ ఆన్‌లైనులో సంరక్షకులుగా నమోదు కావాలన్నారు. మాకు ఆన్‌లైన్ అంటే బస్టాండు ఎదురుగా ఉన్న లెంక అప్పలస్వామి నెట్ సెంటరే. రేషన్ కార్డు దగ్గర్నుంచి కరెంటు మీటరు పేరు మార్పు దాకా ఊరంతటికీ చేసేది అతనే. నలభై దాటినా పెళ్లి కాలేదు. చెయ్యి చురుకు, నోరు మెత్తన.

వెళ్లేసరికి బయట తిరునాళ్లలా ఉంది. సగం మంది ఆడవాళ్ల దగ్గర ఫోన్ లేదు, మొగుళ్లు పనికి పట్టుకెళ్లిపోయారు. ఉన్నవాళ్లలో సగం మందికి చార్జింగ్ లేదు. నాకు ఫోనూ ఉంది, చార్జింగూ ఉంది. కానీ నంబరు ఎవరికైనా ఇవ్వాలంటే భయం. ఓటీపీ రావాలి, రెండు నిమిషాల్లో కొట్టాలి, లేకపోతే మళ్లీ మొదటికి వస్తుంది. అప్పలస్వామి చూసి చూసి చొక్కా చేతులు పైకి మడిచాడు.

"ఓలమ్మా, ఇలగైతే దసరాకీ అవదు. అందరికీ నా నంబరే ఏసేత్తన్నాను. ఓటీపీ నాకే వత్తాది, నానే కొట్టేత్తాను. మీరు ఇళ్లకెల్లి వంటలు సేసుకోండి."

అది మాకు కొత్తేమీ కాదు. అంతకుముందు గ్యాసుకీ అలాగే చేశాడు, పింఛనుకీ అలాగే చేశాడు. రహస్య ప్రశ్నలకు జవాబులూ అతనే రాశాడు. మీ మొదటి పెంపుడు జంతువు అన్నచోట అందరికీ గేదె, మీకు ఇష్టమైన రంగు అన్నచోట అందరికీ తెలుపు. సాయంత్రానికల్లా పని పూర్తయింది. నాలుగువందల పన్నెండు మంది పిల్లలకూ సంరక్షకులు నమోదయ్యారు. 'అభేద్య' లెక్కలో మాత్రం ఒక్కడే నమోదయ్యాడు.

ఆ తర్వాత సోమవారం నుంచి బళ్లో పిల్లలకు పేర్లు పోయాయి, సంఖ్యలు వచ్చాయి. సంఖ్య కూడా ప్రతి సోమవారం మారుతుంది. ముఖం కూడా సమాచారమే కాబట్టి కళ్ల కింద నుంచి మాస్కు పెట్టారు. పేరు పెట్టి పిలిస్తే పలికిన పిల్లకు అయిదు మార్కులు కోత. పలకడం అంటే పేరును ధ్రువీకరించడమేనట. మా పిల్లలు మార్కుల దగ్గర గట్టివాళ్లు. నెల తిరిగేసరికి పక్కన పటాసు పేలినా తల తిప్పడం మానేశారు.

ఆదివారం పిల్లలు ఇంటికి ఫోన్ చేసుకోవచ్చు, నమోదైన నంబరుకు మాత్రమే. అందుకని ఆదివారాలు మేమంతా నెట్ సెంటరులో కూర్చునేవాళ్లం. ఫోన్ మోగేది. అప్పలస్వామి స్పీకర్ పెట్టేవాడు. అవతలి నుంచి "నేను రెండువందల ఆరు" అని ఒక గొంతు వచ్చేది. ఆ గొంతు ఎవరి పిల్లదో పోల్చుకున్న తల్లి ముందుకు ఉరికేది. ఒక్కో పిల్లకు ఒక్క నిమిషం. దాలమ్మ రెండు వారాలు వేరే పిల్లతో మాట్లాడింది. మూడో వారం తెలిసింది. "పోనీలే, ఆ పిల్లకీ నూనె రాసుకోమనే గదా సెప్పినాను" అంది.

తల్లిదండ్రుల సమావేశానికి ఆహ్వానం నాలుగువందల పన్నెండు సార్లు అప్పలస్వామికే వెళ్లింది. మేం గేటు ఊచల్లోంచి చూశాం. మైదానం నిండా కుర్చీలు. మూడో వరసలో ఒక్కడే అప్పలస్వామి, ఇస్త్రీ చొక్కాతో, ఒళ్లో చేతులు పెట్టుకుని. హైమావతి గారు గంటంపావు మాట్లాడారు. చివర్లో అతను ఒక్కడే చప్పట్లు కొట్టాడు.

బయటికి వచ్చేసరికి మొహం పీక్కుపోయింది. "లెక్కల్లో మనోళ్లు బాగా ఎనకబడిపోనారక్కా. నూటెనబైమందికి ముప్పై దాటనేదు. నానేటి సెయ్యాల సెప్పు!"

"ఎవరెవరు?"

"పేర్లుంటే గదా. అందుకే అందరి గురించీ బెంగెట్టుకున్నాను."

దానికి తోడు బొబ్బిలి నుంచి వచ్చిన పెళ్లి సంబంధం కూడా చెడింది. వాళ్లు వాకబు చేస్తే, ఇతనికి నాలుగువందల పన్నెండు మంది ఆడపిల్లలని బడివాళ్లు కాగితం మీద రాసిచ్చారట.

నంబరు మార్పించుకుందామని నేను త్రినాథరావు గారి దగ్గరకు వెళ్లాను. ఆయన ఓపిగ్గానే చెప్పారు. "సంరక్షకుడిని మార్చడం సాధ్యమేనమ్మా. ప్రస్తుత సంరక్షకుడు బిడ్డను శాశ్వతంగా వదులుకుంటున్నట్టు కోర్టు ఉత్తర్వు, నూతన సంరక్షకురాలు దత్తత తీసుకుంటున్నట్టు రిజిస్టరు పత్రం సమర్పించాలి."

"నా కడుపున పుట్టిన పిల్లని నేను దత్తత తీసుకోవడమేంటండీ?"

"కడుపు అనేది మా వ్యవస్థలో నమోదై లేదమ్మా."

అలా సర్దుకుపోతూ ఉండగా ఒక ఆదివారం యామిని గొంతు నీరసంగా వచ్చింది. "ఒళ్లు నొప్పులమ్మా" అంది, నిమిషం అయిపోయింది. ఆ తర్వాత నాకు అన్నం లోపలికి పోలేదు. ఒళ్లు నొప్పులతో మొదలయ్యే జబ్బులు ఎన్నున్నాయో మా వీధి మందుల షాపాయన్ను అడిగాను. నన్ను చూసి ఆయన షట్టరు సగం దించేశాడు.

బుధవారం ఉదయం కూరలకని బజారుకు వెళ్తే నెట్ సెంటరు ముందు జనం. జిరాక్సు ధరలు రాసే పలకను తుడిచేసి అప్పలస్వామి పెద్ద అక్షరాలతో రాశాడు: 'పిల్లకి బాగోలేదంట. ఎవరి పిల్లో తెలీదు.'

ఫోన్ చూపించాడు. బడి నుంచి వచ్చిన మెసేజీ. 'గౌరవనీయ సంరక్షకులకు. మీ సంరక్షణలోని ఒక విద్యార్థినికి ఒక ఆరోగ్య పరిస్థితి ఏర్పడినది. తక్షణమే వచ్చి తీసుకొనిపోగలరు. గోప్యత దృష్ట్యా ఇతర వివరములు ఇవ్వబడవు.'

"నా పిల్లే" అన్నాను.

"నీదే అని నీకేటి తెలుసు?" అంది దాలమ్మ. "నాదేమో!"

"నాదేనమ్మా, మొన్న దగ్గింది!" అని ఇంకొకావిడ ఏడుపు లంకించుకుంది. పది నిమిషాల్లో అక్కడున్న ప్రతి ఆడదానికీ తన పిల్లే అని రూఢి అయిపోయింది. నేను జీవితమంతా ఒక్కదాన్నే పడే భయాన్ని ఆ పొద్దు ఊరంతా కలిసి పడింది. నాకు ధైర్యం రాలేదు సరికదా, ఇంతమంది భయపడుతున్నారంటే నిజమే అయ్యుంటుందని అందరికన్నా ముందు ఆటోను పిలిచాను.

ఆటోలెక్కి బడికి పోయాం. మేం యాభై మందిమి చేరేసరికి కబురు పల్లెలకు పాకి, మధ్యాహ్నానికి గేటు ముందు మూడు నాలుగు వందల మంది తల్లులు పోగయ్యారు. త్రినాథరావు గారు ఊచల అవతల టాబ్లెట్ పట్టుకుని నిలబడ్డారు.

"నేను యామిని వాళ్లమ్మనండీ. నా పిల్లను నాకు ఇచ్చెయ్యండి."

"మీరు తల్లి అని మీరు చెప్పడం రుజువు కాదు. రహస్య ప్రశ్న. మీ మొదటి పెంపుడు జంతువు?"

నాకు అప్పలస్వామి రాసిన గేదె గుర్తు రాలేదు. భయంలో నిజమే నోటికొచ్చింది. "మేం ఏదీ పెంచలేదండీ. కుక్కయితే కరుస్తుందనీ, పిల్లి అయితే వెంట్రుకలు కడుపులోకి పోతాయనీ..."

"తప్పు. మీకు ఇష్టమైన రంగు?"

"పసుపు."

"తప్పు. ఇంకొక్క తప్పు చెబితే ఇరవై నాలుగు గంటలు మీకు తాళం పడుతుంది."

మూడోది మీ ప్రాణ స్నేహితురాలు ఎవరని. దాలమ్మ పక్కనే ఉంది కాబట్టి దాలమ్మ అన్నాను. అక్కడ అప్పలస్వామి ఏం రాశాడో నాకు ఇప్పటికీ తెలియదు. తాళం పడింది.

"బాబూ, జబ్బేంటో అదైనా చెప్పండి."

"నేను జబ్బు అనలేదు. పరిస్థితి అన్నాను."

"పోనీ ఆ పరిస్థితికి జ్వరం ఉందా?"

"ఉందని చెబితే ఉన్నది తెలిసిపోతుంది. లేదని చెబితే లేనిది తెలిసిపోతుంది. రెండూ ఉల్లంఘనే."

"లోపల నర్సమ్మకైనా తెలుసా, ఏ పిల్లో?"

ఆయన మొహం వెలిగింది. "నర్సుకు పరిస్థితి తెలుసు, విద్యార్థిని సంఖ్య తెలియదు. నాకు సంఖ్య తెలుసు, పరిస్థితి తెలియదు. ప్రిన్సిపాల్ గారికి రెండూ తెలియవు, అందుకే ఆవిడ సంతకం చేస్తారు. దీన్ని విధుల విభజన అంటారమ్మా. పై నుంచి తనిఖీకి వచ్చినవాళ్లు చూసి చాలా ముచ్చటపడ్డారు."

అప్పలస్వామిని ముందుకు తోశాం. అతను చెమటలు కక్కుతూ ఊచల దగ్గర నిలబడ్డాడు. అతన్ని చూడగానే త్రినాథరావు గారు అటెన్షన్‌లో నిలబడ్డారు. "నమస్కారం. సంరక్షకులు గారు ఏ విద్యార్థినిని తీసుకువెళ్తారు? సంఖ్య చెప్పండి."

అప్పలస్వామి ఫోన్ తీశాడు. 'మీ బిడ్డ ఈ వారపు సంఖ్య' అని నాలుగువందల పన్నెండు మెసేజీలు. ఏ సంఖ్య ఏ బిడ్డదో ఒక్కదానిలోనూ లేదు.

"బాగోలేని పిల్లనిచ్చీండి బాబూ."

"అది సంఖ్య కాదండీ."

"పోనీ ఇయ్యాల ఒకటో నంబరునీ, రేపు రొండో నంబరునీ తీసుకెల్లి సూసుకుంతాను."

"రోజుకొక దరఖాస్తు అనుమతించబడుతుంది. అలా చేయవచ్చు."

లెక్కల్లో నేను గొప్పదాన్ని కాదు గానీ, నాలుగువందల పన్నెండో పిల్ల దగ్గరకు వచ్చేసరికి ఏడాది దాటిపోతుందని నాకు వెంటనే తెలిసింది. ఆ పిల్ల నా పిల్లే అవుతుందనీ తెలిసింది. ఊచలు పట్టుకుని కూలబడిపోయాను.

అప్పలస్వామి నన్ను చూశాడు. ఊచల్లోంచి చెయ్యి పెట్టి టాబ్లెట్టు మీద దరఖాస్తును కిందికి జరిపాడు. అతని జీవితమంతా దరఖాస్తుల్లోనే గడిచింది కదా, ఏ దరఖాస్తునైనా అడుగు దాకా చదివే అలవాటు అతనికుంది. అట్టడుగున చిన్న గడి ఉంది. వేసవి సెలవులకు అక్కచెల్లెళ్లను ఒకేసారి తీసుకెళ్లే తల్లిదండ్రుల కోసం పెట్టారట. 'నా సంరక్షణలోని బిడ్డలందరూ' అని ఉంది.

"అక్కా, ఈల్లందరూ నా బిడ్డలే గదా?" అన్నాడు మెల్లగా.

టిక్కు పెట్టాడు. ఓటీపీ వచ్చింది. కొట్టాడు. టాబ్లెట్టు ఆకుపచ్చగా మారింది.

త్రినాథరావు గారు నిబంధనావళి తీసి వెనక నుంచి ముందుకు, ముందు నుంచి వెనక్కు తిప్పారు. హైమావతి గారు మేడ మీద నుంచి "ఏమిటది? ఆపండి!" అని అరిచారు.

"ఆపడానికి నిబంధన లేదు మేడమ్! ఓటీపీ సరైనది!" ఆయన గొంతులో బాధతో పాటు కాస్త గర్వం కూడా ఉంది. 'అభేద్య'లోకి మొదటిసారి ఒక మనిషి వెళ్లగలిగాడు. ఆయన ఈల నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదారు.

గేటు తెరుచుకుంది. నాలుగువందల పన్నెండు మంది పిల్లలు వరసలు కట్టి వచ్చి మైదానంలో నిలబడ్డారు. అందరివీ ఒకే గౌన్లు, ఒకే జడలు, కళ్ల కింద నుంచి తెల్ల మాస్కులు. తల్లులంతా ఒక్కసారిగా పేర్లు పెట్టి పిలిచారు. ఆ కేకలకు రోడ్డు మీద లారీలు ఆగాయి. ఒక్క పిల్ల పలకలేదు. ఒక్క తల తిరగలేదు. అయిదు మార్కులు మరి!

నేను వరసల మధ్యకు పరిగెత్తాను. అన్నీ ఒకే ఎత్తు, అన్నీ ఒకే కళ్లు. నా పిల్లను నేను పోల్చుకోలేకపోతున్నానన్న భయం పట్టేసరికి, ఇక నోరు నా మాట వినలేదు.

"ఏమే, వేణ్ణీళ్లు తాగుతున్నావా లేదా? తడి తలతో జడేసుకున్నావా? ఆ ఫ్యాను కింద పడుకోవద్దని చెప్పానా, ఊడి మీద పడుతుందని! చింతకాయలు తిన్నావా? కిటికీ పక్క మంచం మార్పించుకున్నావా, పాము వస్తే? చెవిలో పుల్ల పెట్టుకోలేదు కదా? జామకాయ గింజలు మింగేశావా? బాత్రూములో పాచి ఉంది, గోడ పట్టుకుని నడవమన్నాను, నడుస్తున్నావా? పల్లీలు తిని నీళ్లు..."

"అబ్బా, అమ్మా! ఆపవే, అందరూ వింటున్నారు!"

ఏడో వరసలో ఒక మాస్కు వెనక నుంచి వచ్చింది ఆ గొంతు. నేను వెళ్లి మాస్కు కిందికి లాగాను. యామినే. బుగ్గల మీద, గడ్డం మీద ఎర్రెర్రగా పొక్కులు. ఆటలమ్మ. ఇన్నేళ్లుగా భయపడిన వాటిలో ఒకటి నిజంగా జరిగి నా కళ్ల ముందు నిలబడితే, నాకు ఎందుకో భయం పోయింది. నుదురు ముట్టుకుని చూసి, "గోకకు" అన్నాను.

అది చూసి దాలమ్మ గొంతెత్తింది. "ఏటే, తలకి నూనెట్టినావా నేదా? పేలు పడిపోతాయే!" నాలుగో వరసలో ఒక పిల్ల సిగ్గుతో మొహం కప్పుకుంది. ఆ వెనక తల్లులందరూ అందుకున్నారు. ఒకావిడ చెప్పుల గురించి, ఒకావిడ మజ్జిగ గురించి, ఒకావిడ పక్కింటి పిల్లకు వచ్చిన మార్కుల గురించి. పిల్లలు సిగ్గుపడుతూ, కాళ్లు నేలకేసి కొడుతూ, ఒక్కొక్కరే బయటపడ్డారు. రాలేకపోయిన తల్లుల పిల్లల్ని వాళ్ల వాళ్ల ఊరి ఆడవాళ్లు గొంతు పోల్చి తమ వెంట తీసుకుపోయారు. అరగంటలో మైదానం ఖాళీ అయింది.

అప్పలస్వామి మెట్ల మీద కూర్చున్నాడు. "ఒక్క పిల్లకీ నా మొహం తెలీదక్కా. ఆ లెక్కలు మాత్తరం సూసుకోమని సెప్పు అందరికీ" అన్నాడు.

హైమావతి గారు ఖాళీ బడిని పైనుంచి కిందికి చూసి, ఆ నెల నివేదికలో 'సమాచార ఉల్లంఘనలు: శూన్యం. లీకయ్యే అవకాశం గల విద్యార్థినులు: శూన్యం' అని రాయించారట. దానికి మెచ్చుకోలు పత్రం కూడా వచ్చిందని విన్నాను.

వారం తర్వాత, యామినిని వేపాకుల మీద పడుకోబెట్టి విసురుతుండగా త్రినాథరావు గారి నుంచి సర్క్యులర్ వచ్చింది. మైదానంలో జరిగినదాన్ని ఆయన శ్రద్ధగా గమనించారట. 'తల్లులు పిల్లలను మందలించు మాటలు అనుకరించుటకు అసాధ్యమైనవిగా నాణ్యతా పరీక్షలో తేలినది. కావున ప్రతి తల్లియు తన మందలింపులను దిగువ గళ్లలో నమోదు చేసి, మూడు రోజులలో సమర్పించవలెను. ఒక్కొక్కటి ఎనిమిది అక్షరములకు తగ్గరాదు.'

కింద మూడే గళ్లు ఇచ్చారు.

నేను చెయ్యి కడుక్కుని వచ్చి, యామిని పాత నోటుపుస్తకంలోంచి పదహారు కాగితాలు చించి, అన్నం మెతుకులతో ఆ సర్క్యులర్ వెనక అంటించి, రాయడం మొదలుపెట్టాను.